నల్లపందుల అక్క

మా అక్కని చూసి నేర్చుకోమని ఎవరూ ఎవరికీ చెప్పలేదు. చూసి జాగ్రత్తపడమని మాత్రం చాలామంది చెప్పారు. "పట్టిన పట్టు వదలకపోతే ఏమవుతుందో ఆవిణ్ణి చూడు" అని మా వీధిలో మొండికేసిన పిల్లల్ని మందలించేవాళ్ళు. వింటే నాకు ఒళ్ళు మండేది. మండి ఏం లాభం, వాళ్ళంతా నా దుకాణానికి వచ్చేవాళ్ళే. నేను మాంసం కొట్టేవాణ్ణి. కత్తి చేతిలో ఉన్నప్పుడు కోపం తెచ్చుకోకూడదన్నది మా నాన్న నాకు నేర్పిన మొదటి పాఠం. నాకు ఇప్పటికీ సరిగ్గా ఒంటబట్టనిది కూడా అదే.

నాన్న పందుల్ని పెంచేవాడు, తనే కోసేవాడు. ఆయన పోయాక కోత నాకు మిగిలింది, పెంపకం అక్కకి వెళ్ళింది. ఎవరూ కూర్చుని పంచింది కాదు. నాకు దుకాణంలో నిలబడటం ఇష్టం, అక్కకి దుకాణం వాసన పడదు. ఒకరోజు పొద్దున్నే వచ్చి, పందుల్ని దొడ్లోంచి విప్పుకుని, ఊరి చివర వాలులో ఉన్న తన ఇంటికి తోలుకుపోయింది. వీధి వీధంతా వాకిళ్ళలోకి వచ్చి చూసింది. అక్క ఎవరి వంకా చూడలేదు.

అవి నల్లపందులు. మెడ మీద బిరుసు వెంట్రుకలు, కళ్ళ మీదకి వాలిపోయిన చెవులు, పొట్టి కాళ్ళు. చూడ్డానికి ఏమంత బాగుండవని నేనే ఒప్పుకుంటాను. తెల్లపంది పెరిగి కోతకి వచ్చే కాలానికి నల్లపంది సగం కూడా ఎదగదు. తొందరపెడితే వినదు. వాలు మీద రాలిన పండ్లు ఏరుకుని, నేల తవ్వి దుంపలు తీసుకుని, సాయంత్రం అక్క పెట్టే ఉడికించిన తవుడు తాగి, తన పద్ధతిలో తను పెరుగుతుంది. కానీ కోసి చూస్తే తెలుస్తుంది. కండ ముదురు ఎరుపు, దాని మధ్య సన్నటి దారాల్లా కొవ్వు. వీపు మీది కొవ్వు చల్లబడ్డాక బొటనవేలితో నొక్కితే దిగదు. పెనం మీద వేస్తే పక్కింటివాళ్ళు ఏదో పని కల్పించుకుని వచ్చి కూర్చునేవాళ్ళు.

అక్క మొగుడు, అంటే మా బావ, లారీ నడిపేవాడు. నడుము పట్టేసి ఇంట్లో కూర్చున్న దగ్గర్నుంచి ఆయనకి నోరే ఉద్యోగం. పందులు అరిస్తే చాలు, "ఏమే, మీ పుట్టింటివాళ్ళు ఆకలంటున్నారు, చూడు" అని కేకేసేవాడు. మందలో ఉన్న ఒకే ఒక్క మగపందిని "మామగారు" అనేవాడు. "మామగారు బురద స్నానం చేశారా? మామగారికి ఇవాళ మనసు బాగున్నట్టు లేదు." మొదట్లో నాకు కష్టంగా ఉండేది, మా నాన్నని అన్నట్టుండేది. తర్వాత నాకే అలవాటైపోయి, వెళ్ళగానే "మామగారు ఎలా ఉన్నారు బావా?" అని అడిగేవాణ్ణి.

అక్క మాత్రం నవ్వేది కాదు. వీధిలో ఎవరైనా పిల్లవాణ్ణి "పందీ" అని తిడితే ఆగి, "దాన్నెందుకయ్యా మధ్యలోకి లాగుతావు? అది తిండి దగ్గర పడుకోదు, పడుకున్న దగ్గర పాడు చేసుకోదు. నీ కొడుక్కి ఆ మాత్రం నేర్పు చాలు" అని వెళ్ళిపోయేది. అందుకే ఆవిడకి వీధిలో నల్లపందుల అక్క అని పేరొచ్చింది.

దాణా సంచులంటే అక్కకి మహా ఎలర్జీ. మా ఊళ్ళో రోడ్డు పక్కన పొడుగాటి రేకుల షెడ్డు ఉంది. అందులో పంకాల కింద తెల్లపందులు వరసగా పడుకుని ఉంటాయి. దాని యజమానిని అందరం సంచులాయన అంటాం. ఆయన షెడ్డు ముందు దాణా సంచులు పైకప్పు దాకా ఉంటాయి. చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే నాకు ఈ కథ చెప్పడం తేలికయ్యేది. ఆయన పందులు చకచకా పెరుగుతాయి, పొడుగ్గా, ఒకే అచ్చులో పోసినట్టు ఉంటాయి, వీపు మీద కొవ్వు పల్చగా ఉంటుంది. లారీ ఎక్కించేటప్పుడు బెదిరిపోతాయి. అలా బెదిరినదాన్ని కోస్తే మాంసం పాలిపోయి, పళ్ళెంలో నీళ్ళు కారుతుంది. పెనం మీద పెడితే ముడుచుకుపోతుంది. అయినా జనానికి అదే కావాలి.

"కొవ్వు లేకుండా ఇవ్వవయ్యా" అంటారు నా దుకాణంలో. రోజూ వింటాను. కొవ్వు లేకుండా ఇస్తాను. మర్నాడు వచ్చి "ఏమిటయ్యా, నిన్నటిది చెక్క ముక్కలా ఉంది" అంటారు. కొవ్వులోనే కదా తల్లీ రుచి ఉండేది, అది తీసేయమని నువ్వే కదా అన్నావు అని అడగాలనిపిస్తుంది. కత్తి చేతిలో ఉంటుంది కాబట్టి అడగను.

అలా అలా నల్లపందులకి రోజులు చెల్లాయి. కబేళాలో కొత్త యంత్రం పెట్టారు. అది తెల్లపంది కొలతకి చేసింది, పొట్టి కాళ్ళదాన్ని పట్టుకోదు, నల్ల వెంట్రుక ఊడబీకదు. మాంసం కంపెనీవాళ్ళు వీపు కొవ్వు మందం చూసి వెనక్కి పంపేశారు. నల్లవాటిని పెంచే మిగతావాళ్ళు ఒక్కొక్కరే మానేశారు. అక్క పందుల్ని నేనే దుకాణం వెనక, నాన్న కట్టిన తొట్టిలో వేడినీళ్ళు పోసి, చేత్తో గీకి కోసేవాణ్ణి. కొనేవాళ్ళు ముసలివాళ్ళు. వాళ్ళలో ఒకరు పోయినప్పుడల్లా మనిషి పోయినందుకు ఒక బాధ, కొనేవాడు పోయినందుకు ఒక బాధ.

చివరికి అక్క దగ్గర ఆ మగపంది, కొద్దిపాటి ఆడవి, ఆ ఏటి ఈతలో మిగిలిన పిల్లలు ఉన్నాయి. మగపిల్లలన్నిటికీ ఎప్పటిలాగే చిన్నప్పుడే విత్తులు తీసేశాం. తీయకపోతే ఎదిగాక మాంసానికి ముతక వాసన వస్తుంది. అంటే ఆ జాతి నిలవాలంటే ఆ ముసలి మగదొక్కటే ఆధారం. ఇంకోటి ఎక్కడైనా ఉందేమోనని నేను సెలవు రోజుల్లో తిరిగి తిరిగి వెతికాను. దొరకలేదు.

ఆ ఏడు వాన సరిగ్గా పడలేదు. వాలు మీద పండ్లు పిందెలుగానే రాలిపోయాయి. బావ వంగి దుంప తవ్వలేడు. ఒకరోజు అక్క గోడకి ఆనుకుని కూర్చుని, నాతో తనంత తానే అంది: "ఈ ఏడాది కొనేవాడు ఎవరన్నా కుదరకపోతే మగదాన్ని ఉంచలేనురా. వీటన్నిటికంటే ఎక్కువ తినేది అదే. నేను పెట్టలేకపోతున్నాను."

అక్క నోటి నుంచి అలాంటి మాట రావడం నేను ఎప్పుడూ వినలేదు. ఏదో ఒకటి చూద్దాంలే అన్నాను. ఏం చూస్తానో నాకే తెలియదు.

సరిగ్గా అప్పుడే హోటల్ వంటాయన వచ్చాడు. నడిబజారులో పెద్ద హోటల్, అందులో వంటవాళ్ళందరికీ పెద్ద. మా పాత గిరాకీ ఒకాయన ఇంట్లో భోజనానికి వెళ్ళి అక్కడ నల్లపంది మాంసం తిన్నాడట. ఎక్కడిదని ఆరా తీసుకుంటూ నా దుకాణం దాకా వచ్చాడు. "నేను చిన్నప్పుడు తిన్న రుచి ఇది. మళ్ళీ దొరుకుతుందనుకోలేదు" అన్నాడు. అంత పెద్దమనిషి కళ్ళు చెమర్చాయి. నేను ఆ పూట దుకాణం మూసేసి ఆయన్ని అక్క ఇంటికి తీసుకువెళ్ళాను.

ఆయన వాలంతా తిరిగాడు. తొట్టిలో ఏముందో వంగి చూశాడు. అక్కని ఏవేవో అడిగాడు, అక్క అన్నిటికీ పొడిపొడిగా జవాబు చెప్పింది. బావ మగపందిని చూపించి "ఈయన మా మామగారండి, తమరికి నమస్కారం చెబుతున్నారు" అంటే పగలబడి నవ్వాడు. వెళ్ళేముందు అన్నాడు: "అమ్మా, మా యజమానురాలికి ఒకసారి రుచి చూపించాలి. ఆవిడ సరేనంటే మీరు పెంచినన్నీ మేమే తీసుకుంటాం, ఏడాది పొడుగునా. నెలన్నర తర్వాత ఆవిడ ఇక్కడ ఉంటారు. అప్పుడొకటి సిద్ధం చేయండి."

ఈ మాటలన్నీ నేను విన్నాను, బావ విన్నాడు. అక్క కూడా వినే ఉంటుంది. కానీ ఆవిడ చెవిలో నిలిచిపోయింది వేరే మాట. గేటు దాటుతూ వంటాయన ఒక పంది వీపు మీద చెయ్యి వేసి, ఏదో అనాలి కాబట్టి, "కొంచెం చిక్కినట్టున్నాయి కదూ" అన్నాడు. అంతే. అన్నవాడు అక్కడే మరిచిపోయాడు.

అక్క మరిచిపోలేదు. తన పందుల్ని ఎవరేమన్నా లెక్కచేయని మనిషి, వికారంగా ఉన్నాయన్నా, కంపన్నా ఊరుకున్న మనిషి, ఆ ఒక్క మాటకి కుంగిపోయింది. పెద్దమనిషి ముందు తన పిల్లలు చిక్కి కనిపించాయని ఆవిడకి తల కొట్టేసినట్టయింది. పైగా అది కరువుకాలం. అందులో అబద్ధం లేదు, నిజంగానే చిక్కాయి.

మర్నాడు అక్క సంచులాయన షెడ్డుకి వెళ్ళింది. ఈ సంగతి నాకు తర్వాత తెలిసింది. జన్మలో ఆ గుమ్మం తొక్కనన్న మనిషి వెళ్ళి, తొందరగా ఒళ్ళు చేయడానికి ఏం పెడతారని అడిగింది. ఆయన సంతోషంగా చెప్పాడు. చేపపొడి కలిపిన దాణా ఉంది, పాలు మరిచిన పిల్లలకి పెడతాం, వారం తిరక్కుండానే తేడా కనిపిస్తుంది అన్నాడు. సంచులు తనే బండి మీద వేయించి పంపాడు.

అక్క ఆ ఈతలో మిగిలిన రెండు మగవాటినీ విడిగా కట్టేసింది. ఒకటి హోటల్‌కి, ఇంకొకటి దానికేమైనా అయితే బదులుకి. రెండింటికీ రెండు పూటలా ఆ దాణా తవుడులో కలిపి పెట్టింది. నాకు చెప్పలేదు. ఎలా చెబుతుంది? సంచి దాణా పెట్టే వాళ్ళని నా దుకాణం గుమ్మంలో నిలబడి, నా గిరాకీల ముందు ఎన్నిసార్లు కడిగేసిందో నేను జ్ఞాపకం చేస్తానని భయం. చేసేవాణ్ణే. నేనెప్పుడు వెళ్ళినా సంచుల మీద పాత గోనె కప్పి ఉండేది. బావకి తెలుసు. నాకు అక్క చెప్పే ఉంటుందని ఆయన అనుకున్నాడు.

పందులు మాత్రం నిగనిగలాడాయి. వీపు గుండ్రంగా తిరిగింది. "చూశావురా, ఎలా తేరుకున్నాయో" అని అక్క నాకు చూపించి మురిసిపోయింది. అంత సంతోషంగా ఆవిణ్ణి నేను నాన్న ఉన్నప్పుడు చూశాను, మళ్ళీ అప్పుడే.

కోత రోజు నా చేతికి అంతా సవ్యంగానే వచ్చింది. కండ రంగు బాగుంది. రాత్రంతా వేలాడదీసి, పొద్దున్న వీపు కొవ్వు మీద బొటనవేలు పెడితే కొంచెం దిగింది. "అక్కా, కొవ్వు మెత్తగా ఉందేమిటి ఈసారి?" అన్నాను.

"బాగా తిందిరా" అంది అక్క, మొహం అటు తిప్పుకుని.

ఎండాకాలం కదా, దాని మూలాన అనుకున్నాను. పచ్చి మాంసం వాసన చూస్తే ఏమీ తెలియలేదు. అది వేడి తగిలితేనే బయటపడే రకం.

హోటల్‌కి ఇద్దరం కలిసి వెళ్ళాం. అక్క ఉన్నవాటిలో మంచి బట్టలు కట్టుకుంది. గోళ్ళలో మట్టి పోవడానికి చేతులు తోమీ తోమీ ఎర్రగా చేసుకుంది. వంటగది మా వీధంత ఉంది, ఎటు చూసినా స్టీలు బల్లలు, వాటిలో మన మొహాలే మనకి కనిపిస్తాయి. యజమానురాలు వచ్చి నిలబడింది. చురుకైన మనిషి, మర్యాదస్తురాలు. అక్కకి కుర్చీ వేయించింది. అక్క అంచు మీద కూర్చుంది.

వంటాయన తనే ఇనప పెనం పెట్టాడు. నూనె వేయలేదు, మసాలా వేయలేదు, ఒక ముక్క కొవ్వుతో సహా కోసి, ఉప్పు చల్లి పెట్టాడు. "చూడండి మేడమ్, దీని వాసనే చెబుతుంది" అన్నాడు.

చెప్పింది. కొవ్వు కరగడం మొదలవగానే నాకు ముందు తెలిసింది. చేపల బజారు కడిగేశాక కాలవ దగ్గర వచ్చే వాసన. ఒక్క క్షణం పక్క పొయ్యి మీద ఎవరో చేప వండుతున్నారనుకుని తల తిప్పి చూశాను. అక్కడ పొయ్యి వెలిగించి లేదు. వంటాయన పెనం మీదకి వంగి, మళ్ళీ నిటారుగా లేచి, ముక్క తిప్పకుండా అలాగే నిలబడ్డాడు.

"ఇది పంది మాంసమేనా?" అని అడిగింది యజమానురాలు. వెటకారంగా కాదు, నిజంగానే అర్థంకాక.

వంటాయన నెమ్మదిగా అన్నాడు: "ఏం పెట్టారమ్మా దీనికి?"

అబద్ధం చెప్పడం అక్కకి రాదు. "చిక్కిందన్నారు కదా బాబూ. చేపపొడి దాణా పెట్టాను."

"ఎప్పటిదాకా?"

"నిన్న మొన్నటిదాకా."

వంటాయన కళ్ళు మూసుకున్నాడు. నేను అక్క వంక చూడలేకపోయాను. ఆవిడకి అప్పటికి అర్థమైపోయింది. కుర్చీలోంచి లేచి, "ఇది మా పందుల వాసన కాదమ్మా, ఆ తిండిది. ఆపేస్తే పోతుంది. ఇంకోటి ఉంది నా దగ్గర. ఇవాళ్టి నుంచి దానికి పండ్లూ దుంపలే పెడతాను. ఇంకొక్కసారి చూడండి" అంది. బతిమాలడం ఎలాగో తెలియని మనిషి బతిమాలుతుంటే చూడటం చాలా ఘోరంగా ఉంటుంది.

యజమానురాలు విసుక్కోలేదు. "మీరు కావాలని చేయలేదని తెలుసమ్మా. కానీ నాకు ప్రతి వారం ఒకేలా రావాలి. ఇవాళ ఇలా, ఇంకో నెల ఇంకోలా అయితే మా బల్ల దగ్గర కూర్చున్నవాళ్ళకి నేనేం చెప్పను? తెల్లదానికి ఏ రుచీ లేదు, ఒప్పుకుంటాను. వాసన కూడా లేదు కదా" అంది. వంటాయన ఏదో అనబోతే ఆవిడ చేత్తో వద్దంది.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో అక్క మాంసం గిన్నె ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. నేను అరిచాను. బస్సులో అందరూ వింటుండగా, జీవితమంతా వద్దన్నదాన్ని సరిగ్గా ఇప్పుడే పెట్టాలా అని అరిచాను. అక్క కిటికీలోంచి చూస్తూ కూర్చుంది.

మిగిలిన కోపం సంచులాయన మీద తీర్చుకుందామని మర్నాడు షెడ్డుకి వెళ్ళాను. ఆయన నిర్ఘాంతపోయాడు. "కోతకి పంపేదానికి చేపపొడి పెట్టిందా? అది పిల్లలకి పెట్టేది కదయ్యా! కాస్త ఎదగగానే మానేస్తాం. అమ్మేదానికి ఎవరన్నా పెడతారా?"

"అది ఆవిడకి చెప్పాలి కదా!"

"చెప్పడమేమిటి? నేను మీ ఇంటికొచ్చి అన్నం ఉడికించి తినమని చెబుతానా? పందులు పెంచేవాళ్ళలో అది తెలియనివాళ్ళు ఉంటారని నేనేం కలగన్నాను?"

ఆయన అన్నది నిజమే. అది తెలియనివాళ్ళు లేరు. సంచి కొని పెంచేవాళ్ళందరికీ తెలుసు. మా అక్క ఎప్పుడూ ఒక్క సంచి కూడా కొనలేదు కాబట్టి ఆవిడకి తెలియదు. జన్మలో ఎరగని పని ఒకే ఒకసారి చేసింది, అది కూడా వాటికి మంచి జరగాలని.

ఆ తర్వాత అక్క ఎక్కువ రోజులు ఆగలేదు. సంచులాయనే వచ్చి అడిగాడు. నల్ల ఆడవి పిల్లల్ని బాగా చూసుకుంటాయి, తొక్కి చంపుకోవు, నా తెల్ల మగదానితో కలుపుతాను, నాకివ్వమ్మా అన్నాడు. ఆయనకి అందులో ఉపకారం చేస్తున్నానన్న ఉద్దేశమే ఉంది. అక్క ఇచ్చేసింది. ఆ ఈతలోని ఆడ పందిపిల్లల్ని కూడా వాటితోపాటే తోలేసింది. అవి వాలు దిగి వెళ్తుంటే బావ గుమ్మంలో నిలబడి ఉన్నాడు. పుట్టింటివాళ్ళ గురించి ఏమైనా అంటాడేమోనని చూశాను. అనలేదు.

మగదాన్ని సంచులాయన కూడా వద్దన్నాడు. ముదురు మగపంది మాంసం మనుషులు తినరు. ఆడవి లేకుండా అది ఊరికే ఉండలేక కంచె విరగదీసింది, అక్కని ఒకసారి గోడకి అదిమేసింది. ఇక ఉంచుకోవడానికి లేదు. నేనే వెళ్ళాను. చేసే పని కొత్తది కాదు, చిన్నప్పటి నుంచి చేస్తున్నదే, దాని మెడ మీద కత్తి పెట్టింది కూడా నేనే. కుక్కల దాణా చేసేవాళ్ళ బండి వచ్చి తీసుకువెళ్ళింది. బండి వెళ్ళాక బావ, "మామగారు వెళ్ళిపోయారు" అన్నాడు. అలవాటుగా అనేసి, తనే లోపలికి వెళ్ళి పడుకున్నాడు.

బదులుకని కట్టేసిన ఆ రెండోది మాత్రం మిగిలింది. విత్తులు తీసేసిన, ఎవరికీ అక్కర్లేని ఒక్క పంది. అక్క దాన్ని ఏమీ చేయలేదు, వాలు మీద వదిలేసింది. ఆలస్యంగానైనా వానలు పడ్డాయి. దుంపలు ఊరాయి, వెనక కాపు పండ్లు రాలాయి. అంత వాలు మీద అదొక్కటే తిరుగుతూ, అన్నీ అదే తింటూ పెరిగింది. చలికాలం మొదట్లో అక్క కబురు చేసింది, వచ్చి కోసిపెట్టమని.

కోశాను. మర్నాడు కొవ్వు మీద బొటనవేలు పెట్టి నొక్కాను. దిగలేదు.

పొయ్యి మీద పెనం పెట్టి, ఒక ముక్క వేసి పక్కన నిలబడ్డాను. కాసేపటికి ఇల్లంతా ఆ వాసన నిండింది. మగదాన్ని బండి తీసుకువెళ్ళిన రోజు నుంచి మంచం దిగని బావ లేచి వంటింటి గుమ్మం దాకా వచ్చాడు. అక్క ముక్క నోట్లో పెట్టుకుని నెమ్మదిగా నమిలింది. మొహంలో ఏమీ కనిపించలేదు. మిగతాదాంట్లోంచి మంచి ముక్క కోసి, శుభ్రమైన గుడ్డలో చుట్టి నా చేతికిచ్చింది.

"వంటాయనకి ఇచ్చిరా."

"ఇప్పుడెందుకక్కా?"

"ఆయన మనల్ని నమ్మి ఆవిడ ముందు నిలబడ్డాడు. తలవంపులు తెచ్చాం. మన పందులు అలాంటివి కావని ఆయనకన్నా తెలియాలి. ఏమన్నాడో వచ్చి ఉన్నదున్నట్టు చెప్పు."

వెళ్ళాను. భోజనాల వేళ దాటింది, వంటగది ఖాళీగా ఉంది. వంటాయన నన్ను చూసి ఇబ్బందిపడ్డాడు, అయినా పెనం పెట్టాడు. కొవ్వు కరిగింది. ఆయన ఒక ముక్క తిన్నాడు, ఇంకొకటి తిన్నాడు. చేతులు తుడుచుకోకుండానే నా భుజం పట్టుకున్నాడు.

"ఇదే! నేను చెప్పింది ఇదే! మేడమ్ పైనే ఉన్నారు, ఈ ఒక్క ముక్క తినిపిస్తే ఇంక మాటే ఉండదు. ఈసారి నేను ఒప్పిస్తాను, నాది పూచీ. ఎన్ని ఉన్నాయి మీ అక్కగారి దగ్గర?"

"ఇదేనండి."

"ఇప్పటికి ఇదే అనుకో. వచ్చే ఈతకి?"

"ఆడవి ఇచ్చేశాం. తెల్లదానితో చూలు కట్టాయి."

"అయితే ఏం, ఆ ఈత కాగానే వెనక్కి తెచ్చుకోండి. తర్వాత మీ మగదానితోనే..." అంటూ నా మొహం చూసి ఆగిపోయాడు. "నాకు నమస్కారం చెబుతోందన్నారే, ఆ మగదేదీ?"

నేను తల అడ్డంగా ఊపాను. ఆయన పొయ్యి ఆర్పేశాడు. మేడ మీదకి వెళ్ళలేదు.

దారి పొడుగునా ఆలోచించాను, అక్కకి ఎంతవరకు చెప్పాలా అని. బాగాలేదని చెబితేనే మేలేమో. ఎలాగూ లేకుండా పోయినవి, బాగాలేవని అనుకుంటే కొంచెం తక్కువ నొప్పి. కానీ ఆవిడకి ఒకరు అబద్ధం చెప్పినా పడదు. వెళ్ళేసరికి గుమ్మంలోనే కూర్చుని ఉంది. ఉన్నదున్నట్టు చెప్పాను. రెండో ముక్క తీసుకున్నాడని, భుజం పట్టుకున్నాడని, ఎన్ని ఉన్నాయని అడిగాడని చెప్పాను.

హోటల్లో ఏడవలేదు, ఆడవి వెళ్ళిపోయినప్పుడు ఏడవలేదు, మగదాన్ని బండి ఎక్కించినప్పుడూ ఏడవలేదు. అప్పుడు ఏడ్చింది అక్క. మోకాళ్ళ మీద తల పెట్టుకుని, చిన్నపిల్లలా వెక్కి వెక్కి ఏడ్చింది. నేను పక్కన కూర్చున్నాను.

చాలాసేపటికి తల ఎత్తి, "అయితే అవి బాగానే ఉన్నాయిరా" అంది. "పాడుచేసింది నేనే."